ఇంతమంది ఊరికే అంటారా?

హైదరాబాద్

అమ్మలూ,

నీ వ్యాసం అందింది, చదివాను. జర్నలిజం స్కూల్లో ఇచ్చిన మొదటి పనికే టెన్నిస్ క్రీడాకారిణి సానియా మీర్జాని ఎంచుకున్నావంటే, ముప్పాతిక జీవితం స్పోర్ట్స్ డెస్కులో గడిపిన నాకు సంతోషమే కదా. వాక్యం తేలిగ్గా నడుస్తోంది. ఇంట్రోలో విశేషణాలు సగం కొట్టేస్తే ఇంకా బాగుంటుంది. మూడో పేరా దాకా పెన్ను తీయాల్సిన అవసరం రాలేదు. నాలుగో పేరాకి 'వివాదాలు' అని ఉపశీర్షిక పెట్టావు చూడు, అక్కడ ఆగాను. స్కర్టు, మసీదు, జెండా, పెళ్ళి, పుల్వామా అన్నిటినీ వరసపెట్టి పేర్చి, చివర్లో ఆమె ఆటకంటే వివాదాలతోనే ఎక్కువగా వార్తల్లో నిలిచిందని తేల్చేశావు.

ఫోన్లో అదే అడిగితే నీ జవాబు: "ఇంతమంది ఊరికే అంటారా మామయ్యా? నిప్పు లేనిదే పొగ రాదుగా!" పక్కన మీ అమ్మ, అన్నం చల్లారిపోతోందని కేకలు. ఆ హడావిడిలో చెప్పే సంగతి కాదని అప్పటికి ఊరుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టు.

ముందు ఆ 'ఇంతమంది' లెక్క తేల్చుకుందాం. మా రోజుల్లో రాత్రి తొమ్మిదింటికి ఏజెన్సీ నుంచి ఒక వార్త వచ్చేది. అన్ని డెస్కులకీ ఒకేసారి. తెల్లారేసరికి పది పత్రికల్లో ఉండేది. టీ కొట్టు దగ్గర నలుగురు చదివేవాళ్ళు, మధ్యాహ్నానికి ఊరంతా అదే మాట. "అన్ని పేపర్లలోనూ వచ్చిందండీ" అనేవాళ్ళు. వచ్చిన మాట నిజమే. కానీ కళ్ళారా చూసింది ఒక్కడు, ఆ వార్త రాసిన విలేకరి. తక్కినవాళ్ళందరం అచ్చేసినవాళ్ళం, చదివినవాళ్ళం, మోసినవాళ్ళం. ఆ ఒక్కడూ సరిగ్గా చూశాడా అన్నదే అడగాల్సిన ప్రశ్న. పది పత్రికలు వేసినంత మాత్రాన దానికి జవాబు దొరికినట్టు కాదు, అడిగేవాడు లేకుండా పోతాడు, అంతే. ఫోన్లొచ్చాక మోసేవాళ్ళు లక్షలయ్యారు. చూసినవాళ్ళు మాత్రం అప్పటంతమందే.

నీ పేరాలోని జెండా సంగతే తీసుకో. 2008 జనవరి, ఆస్ట్రేలియాలోని పెర్త్, హాప్‌మన్ కప్. సానియా, రోహన్ బోపన్న భారత జట్టుగా ఆడుతున్నారు. ఆమె కాళ్ళు ముందుకి చాపుకుని కూర్చుని మ్యాచ్ చూస్తోంది. దగ్గర్లోనే చిన్న జాతీయ జెండా. కెమెరా ఉన్న కోణం నుంచి చూస్తే పాదాలూ జెండా పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి. ఒక ఫొటో, దాని మీద ఒక ఫిర్యాదు, వారం తిరిగేసరికి దేశభక్తి మీద దేశమంతా తీర్పు. హాప్‌మన్ కప్ ఎలాంటి టోర్నీయో ఆ తీర్పు చెప్పినవాళ్ళలో ఎందరికి తెలుసో? దేశం పేరు మీద జట్టుగా ఆడే పోటీ అది, ర్యాంకింగ్ పాయింట్లు ఒక్కటీ రావు. దేశాన్ని అవమానించాలనుకున్న మనిషి ఎంచుకునే చోటు మాత్రం కాదు.

ఆ మరుసటి నెలలోనే ఆమె బెంగళూరు ఓపెన్‌లో ఆడనని చెప్పేసింది. ఇండియాలో ఆడిన ప్రతిసారీ ఏదో ఒక గొడవ వస్తోందని. ఆ ఏడాది బెంగళూరుకి విలియమ్స్ అక్కాచెల్లెళ్ళిద్దరూ వచ్చారు, సెరీనా గెలిచింది. సొంత గడ్డ మీద మన అమ్మాయే లేదు. అప్పటికి ఆమెకి ఇరవై ఒక్కేళ్ళు, అంటే ఇప్పటి నీ కంటే ఒక ఏడాది చిన్న.

విమర్శించొద్దని నేననడం లేదమ్మా. ఆట చూసేవాడికి ఆమె మీద చెప్పడానికి బోలెడుంది. సర్వ్ బలహీనం. రెండో సర్వ్ ఐతే మరీను, మంచి రిటర్న్ ఉన్న ప్రత్యర్థి ఎదురైతే పాయింటు అక్కడే చేజారేది. ఫోర్‌హ్యాండ్ మాత్రం చూసి తీరాల్సిందే. మణికట్టు ఒక్క విసురు విసిరితే అవతలి మనిషి కదిలేలోపే బంతి గీత దాటేది. అంత గట్టిగా కొట్టేవాళ్ళు ఆడవాళ్ళ టెన్నిస్‌లో ఆ రోజుల్లో కొద్దిమందే. కానీ ఆ ఊపుకి తగ్గ నిలకడ ఉండేది కాదు, గెలుపు షాట్ల పక్కనే చేజేతులా ఇచ్చుకున్న పాయింట్లూ ఉండేవి. కోర్టులో పరుగు కూడా అగ్రశ్రేణికి ఒక మెట్టు కిందే. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో ఆమె వెళ్ళిన గరిష్ఠ దూరం 2005 యూఎస్ ఓపెన్ నాలుగో రౌండు, అక్కడ షరపోవా చేతిలో ఓడింది. 2007 ఆగస్టులో 27వ ర్యాంకు దాకా ఎక్కి ఆగింది. తర్వాత మణికట్టుకీ మోకాళ్ళకీ ఆపరేషన్లు, సింగిల్స్‌కి సెలవు. ఒలింపిక్ పతకం లేదు, 2016 రియోలో బోపన్నతో కలిసి కాంస్యం కోసం ఆడి నాలుగో స్థానంతో వెనక్కొచ్చింది.

ఇవన్నీ రాయి. ఎంత కటువుగానైనా రాయి, నేను అడ్డుపడను. ఈ విమర్శ చెయ్యాలంటే మ్యాచ్ చూడాలి, ఆట తెలియాలి, ఇంకొకరితో పోల్చి చెప్పగలగాలి. స్కర్టు కొలవడానికి అవేవీ అక్కర్లేదు. ఆమెను తిట్టిన వేలమందిలో రెండో సర్వ్ గురించి మాట్లాడినవాళ్ళు ఎంతమందో పాత పేపర్లు తిరగేసి చూడు.

స్కర్టు సంగతికీ ఒక తేదీ ఉంది, నీ వ్యాసంలో అది లేదు. 2005 జనవరిలో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండుకి చేరి సెరీనాతో ఆడింది, అప్పటికి పద్దెనిమిదేళ్ళు. ఫిబ్రవరిలో మన హైదరాబాద్‌లోనే డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచింది. భారత మహిళ ఎవరూ అంతకుముందు గెలవలేదు. ఆ వారం ఈ ఊరు ఊగిపోవడం నాకు బాగా గుర్తు. సెప్టెంబరులో యూఎస్ ఓపెన్ నాలుగో రౌండు. అది అయ్యాక, ప్రపంచమంతా పేరు తెలిశాక, అప్పుడు ఒక మతపెద్ద ఆమె దుస్తులు తగవన్నాడని వార్త. ఆ నెలలోనే కోల్‌కతాలో ఆడాల్సివస్తే పోలీసు బందోబస్తు పెంచారు. ఫిబ్రవరిలో అదే పిల్ల, అవే దుస్తులు. అప్పుడు కనబడని పొట్టిదనం సెప్టెంబరులో ఎలా కనబడింది? పేరు పెరిగింది, అంతే. నవంబరులో సురక్షితమైన లైంగిక జీవితం గురించి ఒక సభలో ఏదో అన్నదని దిష్టిబొమ్మలు తగలబెట్టారు. వివరణ ఇచ్చుకుంటే, మాట మార్చిందని ఇంకో వర్గం ఎత్తిపొడిచింది. అప్పటికి పందొమ్మిది నిండిన పిల్ల!

మక్కా మసీదు విషయం మాత్రం విడిగా చూడాలి. 2007 చివర్లో ఆ ఆవరణలో ఒక ప్రకటన చిత్రీకరించారు. ప్రార్థనాస్థలంలో కెమెరాలు పెట్టడమేమిటని అడగడంలో న్యాయముంది. ఆమె క్షమాపణ చెప్పింది కూడా. నువ్వు చేసిన పొరపాటేమిటంటే, న్యాయమున్న ఆ ఒక్క అభ్యంతరాన్నీ అర్థంలేని నాలుగిటినీ ఒకే వాక్యంలో, ఒకే తూకంతో పెట్టేశావు. చదివేవాడికి ఐదూ ఒకటే అనిపిస్తాయి. గుంపు చేసేదీ ఇదే, ఒక గుప్పెడు నిజం దొరికితే దాంతో బస్తా అబద్ధం అమ్మేస్తుంది.

ఇక 'పాకిస్తాన్ కోడలు'. ఇది కాస్త వివరంగా చెప్పాలి.

2010 ఏప్రిల్‌లో పాకిస్తాన్ క్రికెటర్ షోయబ్ మాలిక్‌తో పెళ్ళయింది. పాస్‌పోర్టు మారలేదు, ఆడే జట్టూ మారలేదు. ఆ అక్టోబరులోనే ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో మన దేశానికి సింగిల్స్ రజతం తెచ్చింది. 2014 జులైలో, తెలంగాణ వచ్చి రెండు నెలలైనా కాకముందే, ప్రభుత్వం ఆమెను బ్రాండ్ అంబాసిడర్‌ని చేసి కోటి రూపాయల చెక్కు ఇచ్చింది. ఆ కోటి ఎందుకని అడగొచ్చు. ప్రజల సొమ్ము, అడగాల్సిన ప్రశ్నే. కానీ బీజేపీ నాయకుడు కె. లక్ష్మణ్ ఎత్తుకున్న మాట వేరు: ఆమె పుట్టింది మహారాష్ట్రలో, మెట్టింది పాకిస్తాన్‌లో, కాబట్టి ఇక్కడి మనిషే కాదని.

సానియా జవాబుగా తన వంశం విప్పి చెప్పుకోవాల్సి వచ్చింది. తల్లికి కాన్పు కష్టమై ముంబయిలో ఆసుపత్రికి వెళ్ళారు, మూడు వారాల పసిగుడ్డుగా హైదరాబాద్ తిరిగొచ్చింది. తాత నిజాం రైల్వేలో ఇంజనీరు. ముత్తాత ఇక్కడి నీటి సరఫరా శాఖలో చీఫ్ ఇంజనీరు, గండిపేట కట్టడంలో చెయ్యున్నవాడు. ఆయన తండ్రి అజీజ్ మీర్జా నిజాం కొలువులో హోం కార్యదర్శి, 1908లో మూసీ ఊరిని ముంచేసినప్పుడు సహాయ పనులు చూసినవాడు. నువ్వు చిన్నప్పుడు సెలవులకి మా ఇంటికొచ్చి తాగిన నీళ్ళు గండిపేటవేనే పిచ్చిదానా. మన కుటుంబం ఈ ఊరొచ్చింది మా నాన్న ఉద్యోగం పుణ్యమా అని. స్థానికత లెక్కలు మొదలుపెడితే ముందు పెట్టే సర్దుకోవాల్సింది మనం!

అయినా నాకు బాధ కలిగించేది ఇంకొకటి. అసలా లెక్క ఆమె ఎందుకు చెప్పుకోవాలి? వందేళ్ళ వంశవృక్షం లేని మనిషైతే ఆ మాటకి తగినట్టేనా? తర్వాత టీవీలో ఆ సంగతి మాట్లాడుతూ కన్నీళ్ళు పెట్టుకుంది. ఇంకా ఎన్నాళ్ళు నిరూపించుకోవాలని అడిగింది.

నిరూపణ కూడా జరిగింది, పట్టించుకున్నవాళ్ళకి. ఆ సెప్టెంబరులోనే బ్రూనో సోరెస్‌తో యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది. నెలాఖరులో ఇంచియాన్ ఆసియా క్రీడలు. ఆ వారాల్లో ర్యాంకింగ్ పాయింట్లు తెచ్చే టోర్నీలున్నాయి, ముందు వెళ్ళనందామనుకుని తర్వాత మనసు మార్చుకుని వెళ్ళింది. మన తెలుగు కుర్రాడు సాకేత్ మైనేనితో కలిసి మిక్స్‌డ్‌లో స్వర్ణం తెచ్చింది. జులైలో గొంతు చించుకున్నవాళ్ళు సెప్టెంబరులో ఏమన్నారు? ఏమీ అనలేదు. తప్పైపోయిందని చెప్పడానికి గుంపులో ఎవరికీ వంతు రాదు.

నాకు అన్నిటికంటే వింతగా తోచేది 2019. ఫిబ్రవరిలో పుల్వామా ఉగ్రదాడిలో మన జవాన్లు పోయారు. ఖండిస్తూ వెంటనే ఏదో రాయలేదని సానియా మీద విరుచుకుపడ్డారు. హైదరాబాద్ ఎమ్మెల్యే రాజాసింగ్ ఆమెను అంబాసిడర్ పదవి నుంచి తీసేయమన్నాడు. సరిగ్గా నాలుగు నెలలకి, జూన్‌లో, ఇంగ్లండ్‌లో క్రికెట్ ప్రపంచకప్. మాంచెస్టర్‌లో పాకిస్తాన్ మన చేతిలో ఓడింది, షోయబ్ మాలిక్ మొదటి బంతికే అవుటయ్యాడు. మ్యాచ్‌కి ముందు ఆ దంపతులు, మరికొందరు ఆటగాళ్ళు ఒక హుక్కా కేఫ్‌లో కూర్చున్న వీడియో ఒకటి బయటికొచ్చింది. ఇక అక్కడివాళ్ళు మొదలుపెట్టారు, మా ఓటమికి ఈ ఇండియా పిల్లే కారణమని. పాకిస్తాన్ జట్టుకి నేను తల్లినీ కాదు, తిండి చూసే డైటీషియన్‌నీ కాదు అని ఆమె జవాబిచ్చుకుంది.

ఒక్క మనిషి, ఒక్క ఏడాది. ఇక్కడివాళ్ళకి అక్కడి మనిషి, అక్కడివాళ్ళకి ఇక్కడి మనిషి. ఇప్పుడు చెప్పు, నిప్పు ఎక్కడుంది? రెండు వైపులా లక్షలమంది 'ఊరికే' అనలేదు కదా, మరి రెండూ నిజమెలా అవుతాయి? 2024 జనవరిలో ఆ పెళ్ళి విడాకులతో ముగిసిందని కుటుంబం ప్రకటించింది. పద్నాలుగేళ్ళు మోసిన ఆరోపణకి ఆధారమే పోయింది. కనీసం ఆ మాటనైనా ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

ఆడపిల్ల కావడం వల్ల పడిన మాటలు వేరే పద్దు. 2012 లండన్ ఒలింపిక్స్ ముందు మన టెన్నిస్ ఆటగాళ్ళు భూపతి, పేస్, బోపన్నల మధ్య ఎవరు ఎవరితో ఆడాలని తగవు. అప్పటికి కొద్ది రోజుల ముందే భూపతితో ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ గెలిచిన సానియాని, పేస్‌ని బుజ్జగించడానికి అతనికి జోడీగా ఇచ్చారు. తనను ఎరగా వాడారని బహిరంగంగా రాసింది, అప్పుడు కూడా పొగరన్నవాళ్ళున్నారు. 2016లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్‌గా ఉన్నప్పుడు, స్థిరపడేదెప్పుడని ఓ సీనియర్ టీవీ జర్నలిస్టు అడిగాడు. ఆడవాళ్ళందరికీ ఈ ప్రశ్న ఎదురవుతూనే ఉంటుందని ఆమె అంటే, ఆయన అక్కడికక్కడే క్షమాపణ చెప్పాడు. ఆ క్లిప్పు వెతికి చూడు, ప్రశ్న కోసం కాదు, ఆయన సర్దుకున్న తీరు కోసం. మన వృత్తిలో అది నేర్చుకోవాల్సిన విద్య.

గుంపులో చేరేవాళ్ళంతా చెడ్డవాళ్ళనుకోకు. పుల్వామా అప్పుడు మన రెండిళ్ళ వాట్సాప్ గ్రూపులో సానియాని తిడుతూ ఆ ఫార్వర్డు పెట్టింది ఎవరు? మీ పెదనాన్న. ఊళ్ళో ఎవరికి జ్వరమొచ్చినా బండి తీసుకుని ముందు బయల్దేరే మనిషి. ఎదురుగా ఆ పిల్ల కూర్చుని ఉంటే అందులో ఒక్క ముక్క అనగలిగేవాడు కాదు, పైగా అన్నం తిన్నావా తల్లీ అని అడిగేవాడు. మరి ఎందుకు పెట్టాడు? అందరూ పెడుతున్నారు గనక. నలుగురితో నారాయణ, గుంపులో గోవింద. తప్పని తేలితే అది అందరి తప్పు, నిజమని తేలితే నేనూ ఆనాడే అన్నాను! అంత చవగ్గా దొరికే ధైర్యం ఇంకోటి లేదు. గొర్రెదాటు అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు గానీ, గొర్రెకైనా ముందుది దూకింది కనబడుతుంది. మనకి అదీ అక్కర్లేకపోయింది.

ఆయనతో గ్రూపులో వాదనకి దిగకు. నలుగురి ముందు పెద్దాయన్ని తప్పుపడితే పట్టుదల పెరుగుతుంది తప్ప ఆలోచన పెరగదు. విడిగా ఫోన్ చేసి, "పెదనాన్నా, ఇది ఎప్పటిది? మీరెక్కడ చూశారు?" అని అడుగు. అంతే. ఆయన తెలివైనవాడు, రెండోసారి పంపేముందు ఆ రెండు ప్రశ్నలూ తనే వేసుకుంటాడు.

ఇంకో హెచ్చరిక. ఇదంతా చదివి నువ్వు రేపు సానియా భక్తురాలివై కూర్చుంటే నాకు ఇంకా దిగులు. ఆమెను ఒక్క మాటంటే అన్నవాళ్ళ ఇంటిల్లిపాదినీ తిట్టే అభిమానులున్నారు, అదీ గుంపే. నీకు ఆమె నచ్చాల్సిన పనిలేదు. పొగరుగా కనిపిస్తే పొగరనే రాయి. ఐతే ఏ రోజు, ఎక్కడ, ఏం చేస్తే నీకలా అనిపించిందో పక్కనే రాయి.

వ్యాసం సంగతికొద్దాం. ఆ 'వివాదాలు' ఉపశీర్షిక తీసెయ్. ఒక్కొక్కటీ అది జరిగిన ఏడాదిలోకి పంపు. ఎవరన్నారు, దేన్ని చూసి అన్నారు, తర్వాత ఏమైంది, ఈ మూడూ ఉండాలి. మూడూ దొరకనిది వ్యాసంలోనే ఉండక్కర్లేదు. అలా కత్తిరిస్తే నీకు కనీసం రెండు వందల పదాల చోటు మిగులుతుంది. ఆ చోట్లో 2015 వింబుల్డన్ డబుల్స్ ఫైనల్ రాయి. నువ్వు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు, అది నేరం. మార్టినా హింగిస్‌తో జోడీ, అవతల రష్యా జంట మకరోవా, వెస్నినా. మూడో సెట్‌లో మనవాళ్ళు 2-5తో వెనకబడ్డారు, ఇక అయిపోయిందనుకున్నాం. నేను డెస్కులో ఓటమి వార్తకి హెడ్డింగు కూడా అనుకుని పెట్టుకున్నాను. మనవాళ్ళు స్కోరు సమం చేశాక, చీకటి పడుతోందని సెంటర్ కోర్టు పైకప్పు మూసి లైట్లు వేశారు. 2-5 నుంచి ఆడిన గేములు దొరికితే మొత్తం చూడు, హింగిస్ నెట్ దగ్గర చేసిన మాయ, వెనక నుంచి సానియా ఫోర్‌హ్యాండ్ దెబ్బలు. 2003లో అక్కడే బాలికల డబుల్స్ గెలిచిన పిల్ల, పన్నెండేళ్ళకి పెద్దల కప్పు పట్టుకుంది. ఆ యూఎస్ ఓపెన్, తర్వాతి ఆస్ట్రేలియన్ ఓపెన్ కూడా ఈ జోడీవే. మధ్యలో వరసగా 41 మ్యాచ్‌లు ఓడలేదు. అంత ఆట ఉండగా జెండా ఫొటోకి అన్ని వాక్యాలు ఎందుకమ్మా?

సవరించి శుక్రవారం లోపు పంపు, ఆదివారం కూర్చుని చూస్తాను. మీ అమ్మని ఆవకాయ సంగతి మర్చిపోవద్దను.

అన్నట్టు, ఆ వింబుల్డన్ ఫైనల్ స్కోరు 6-3, 6-3 అని వేశావు. అది ఆ ఏడాది యూఎస్ ఓపెన్ ఫైనల్‌ది. వింబుల్డన్‌ది 5-7, 7-6, 7-5. దిద్దుకో.

మీ మామయ్య